శిలాజాల వయసులు ఇలా మారిపోతుంటే దేన్ని నమ్మాలి?

విశ్వం77
ఫ్లోరెస్ దీవిలోని లియాంగ్ బువా గుహలో 2003లో బయటపడ్డ పొట్టి మనిషి అస్థిపంజరం 18 వేల ఏళ్లదని 2004లో ప్రకటించారు. 2016 వచ్చేసరికి కాదు కాదు, 60 వేల నుంచి లక్ష ఏళ్ల మధ్యది అన్నారు. మొరాకోలోని జెబెల్ ఇర్హూద్ పుర్రె మొదట 40 వేలు, తర్వాత లక్షా 60 వేలు, ఇప్పుడు 3 లక్షల 15 వేలు. ఇథియోపియాలోని ఓమో పుర్రె 1,95,000 అని చదువుకున్నాం, ఇప్పుడేమో కనీసం 2,33,000 అట. ఎముక మారలేదు, దొరికిన చోటూ మారలేదు. వయసు మాత్రం లక్షల్లో గెంతుతోంది. అసలు తప్పు ఎక్కడ జరుగుతోందో తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి. "సైన్స్ తనను తాను దిద్దుకుంటుంది" అనే ఒక్క ముక్కతో సరిపెట్టకండి.

మట్టిపొర
మూడింటివీ మూడు రకాల తప్పులు. ఒకే గాటన కడితే ఏదీ తెలియదు.

ముందు ఒక సంగతి. చాలావాటిలో వయసు కట్టేది ఎముకకు కాదు, ఎముక ఉన్న మట్టికి, లేదా దాని పైనో కిందో ఉన్న అగ్నిపర్వత బూడిదకు. పైనున్న బూడిద వయసు తేలితే ఎముక అంతకంటే పాతదని అర్థం. కింది బూడిద తేలితే అంతకంటే కొత్తదని అర్థం. రెండూ దొరికితేనే ఇటూ అటూ హద్దు పడుతుంది. కాబట్టి ఎముకకూ ఆ పొరకూ ఉన్న సంబంధం తప్పితే, యంత్రం ఎంత బాగా కొలిచినా లెక్క తప్పే.

ఫ్లోరెస్‌లో జరిగింది సరిగ్గా అదే. అస్థిపంజరం దాదాపు 6 మీటర్ల లోతున ఉంది. గుహలో పాత మట్టి కొంతమేర కోసుకుపోయి దిమ్మెలా మిగిలింది. ఆ ఖాళీలోకి ఎన్నో వేల ఏళ్ల తర్వాత కొత్త మట్టి వచ్చి చేరింది. తవ్వుతుంటే రెండూ పక్కపక్కనే, ఒకే లోతులో కనిపిస్తాయి. ఎముకలు పాత దిమ్మెవి, 18 వేలు చూపిన బొగ్గు కొత్త మట్టిది. తవ్వకం ఇంకా విస్తరించాకే ఆ రెంటి మధ్య వాలుగా దిగిన కోత గీత బయటపడింది. బొగ్గుకు కట్టిన లెక్క తప్పు కాదు. ఆ బొగ్గును ఎముకతో ముడిపెట్టడమే తప్పు.

రెండుకాళ్లనడక
పై మాటకు చిన్న చేర్పు. 2016లో పొరను మాత్రమే కాదు, ఎముకను కూడా యురేనియం పద్ధతిలో నేరుగా చూశారు. రెండూ ఒకే వైపు చూపించాయి కాబట్టే ఆ సవరణ నిలబడింది. అక్కడి రాతి పనిముట్లు మాత్రం ఇంకా ఇటువైపు, 50 వేల ఏళ్ల క్రితం దాకా వస్తాయి.

సుధారాణి_కె
జెబెల్ ఇర్హూద్ కథ వేరు. 1961లో గని పనివాళ్లకు పుర్రె దొరికింది. అది ఏ పొరలోదో రాసుకున్నవాళ్లు లేరు. మొదటి 40 వేలు దాదాపు ఊహే. 2007లో ఒక పంటిని నేరుగా కొలిస్తే లక్షా 60 వేలు వచ్చింది. ఆ తర్వాత కొత్తగా తవ్విన చోట అదే పొరలో మనుషుల ఎముకలూ, నిప్పులో కాలిన చెకుముకి రాళ్లూ కలిసి దొరికాయి. 2017లో ఆ రాళ్లు ఇచ్చిన వయసు 3,15,000, అటూ ఇటూ 34 వేలు.

చెకుముకి రాయి నిప్పులో పడితే అందులో అప్పటిదాకా చిక్కుకున్న ఎలక్ట్రాన్లన్నీ ఖాళీ అవుతాయి. గడియారం సున్నాకొస్తుంది. తర్వాత చుట్టూ ఉన్న మట్టిలోని రేడియోధార్మికత వల్ల మళ్లీ నిండుతూ వస్తాయి. ప్రయోగశాలలో వేడి చేస్తే ఆ పోగు వెలుగుగా బయటికొస్తుంది. మొత్తం పోగును ఏటా పడే మోతాదుతో భాగిస్తే ఏళ్లు వస్తాయి. అంటే ఏటా మోతాదు ఎంతో తప్పుగా తీసుకుంటే వయసంతా తప్పుతుంది. పంటి విషయంలో జరిగింది అదే. మోతాదును సరిచేసి లెక్కిస్తే ఆ పాత పన్ను కూడా 2,86,000కు వెళ్లింది.

లక్ష్మణ్_ఎం
అంటే భాగించే అంకె మారితే లక్ష ఏళ్లు మారిపోతాయా? అలాంటప్పుడు ఏ అంకె కావాలంటే ఆ అంకె తెచ్చుకోవచ్చుగా. విశ్వం77 గారి అనుమానంలో తప్పేముంది?

సుధారాణి_కె
కావాలన్న అంకె రాదండి. మోతాదు ఎవరికి తోచింది వాళ్లు వేసేది కాదు. ఆ మట్టిలో యురేనియం, థోరియం, పొటాషియం ఎంతుందో కొలవాలి, తడి ఎంతుందో చూడాలి. తడి మట్టి కొంత కిరణాన్ని మింగేస్తుంది, అందుకే పొడి మట్టి అనుకుని లెక్కేస్తే వయసు అసలుకంటే తక్కువగా వస్తుంది. పైగా పన్ను తానే కాలక్రమేణా యురేనియం పీల్చుకుంటుంది. ఎప్పుడు పీల్చుకుందనేది ఇంకో చిక్కు. అందుకే కాలిన రాయి పంటికంటే నమ్మకమైన సాక్షి.

బూడిదగుట్ట
యంత్రం కూడా తప్పు చెప్పిన సందర్భం ఉంది. లక్ష్మణ్ గారు అడగాల్సింది దాని గురించి.

1972లో కెన్యాలోని కూబీ ఫోరాలో బెర్నార్డ్ ఎన్గెనియో కంటబడింది, 1470 అనే నంబరున్న పుర్రె. 150కి పైగా ముక్కలు ఏరి అతికారు. మెదడు పరిమాణం 750 ఘన సెంటీమీటర్ల దగ్గర. అది కేబీఎస్ అనే బూడిద పొరకు కింద ఉంది. ఆ బూడిదకు అప్పటికే 26.1 లక్షల ఏళ్లని, రాతిలో చిక్కుకున్న ఆర్గాన్ వాయువును బట్టి కట్టిన లెక్క ఉంది. దాంతో పుర్రెకు 29 లక్షలు కట్టారు. అంత పాతకాలంలో అంత పెద్ద మెదడా అని అందరూ నోరెళ్లబెట్టారు.

దాన్ని పట్టించింది పందులు. కూబీ ఫోరాలో ఆ బూడిద కింద దొరికిన పంది పళ్లు, ఇథియోపియాలోని ఓమో లోయలో 20 లక్షల ఏళ్ల పొరల్లో దొరికిన పళ్లలాగే ఉన్నాయి. ఆ పందుల వెనక దవడ పన్ను కాలంతో పాటు పొడవు పెరుగుతూ పోయింది, కాబట్టి పన్ను పొడవు చూస్తే కాలం తెలుస్తుంది. ఒకే జాతి పంది రెండు చోట్ల 6 లక్షల ఏళ్ల తేడాతో ఎలా ఉంటుంది? బూడిద లెక్కే తప్పయి ఉండాలి.

ఎందుకు తప్పింది? ఆ బూడిద ఆకాశం నుంచి నేరుగా అక్కడ పడింది కాదు. నీళ్లు మోసుకొచ్చి పరిచింది. వస్తూ వస్తూ దారిలోని పాత రాళ్ల గింజల్ని కలుపుకుంది. గుప్పెడు గింజలు కలిపి కరిగిస్తే పాతవీ కొత్తవీ కలిసి వయసు పైకెక్కుతుంది. తర్వాత నురుగురాయి ముద్దల్లోంచి ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం శుభ్రమైన గింజలు ఏరి కొలిస్తే 18.8 లక్షలు వచ్చింది. ఇప్పుడు పుర్రె వయసు 20 లక్షల ఏళ్ల చుట్టూ ఉంది. ఈ గొడవ దాదాపు పదేళ్లు నడిచింది.

విశ్వం77
పందులు యంత్రాన్ని ఓడించాయన్నమాట! అయితే ఇప్పటి ఆర్గాన్ లెక్కల్లో ఆ కల్తీ రాదా?

బూడిదగుట్ట
వస్తుంది, కానీ దొరికిపోతుంది. రాతిలోని పొటాషియం-40లో కొంత నెమ్మదిగా ఆర్గాన్‌గా మారుతుంది. దాని అర్ధాయువు, అంటే సగం తరిగే కాలం, 125 కోట్ల ఏళ్లు. కరిగిన రాతిలోంచి ఆర్గాన్ వాయువు వెళ్లిపోతుంది. రాయి గట్టిపడ్డాక పుట్టే ఆర్గాన్ స్ఫటికంలోనే చిక్కుకుంటుంది. పాత పద్ధతిలో పొటాషియం ఒక తునకలో, ఆర్గాన్ ఇంకో తునకలో కొలవాలి, అందుకే ఎక్కువ రాయి కావాలి. ఇప్పుడు గింజల్ని ముందు రియాక్టర్‌లో న్యూట్రాన్లకు పెడతారు. పొటాషియం-39లో కొంత ఆర్గాన్-39 అవుతుంది. ఇక ఒకే గింజను లేజర్‌తో కరిగించి రాతిలో పుట్టిన ఆర్గాన్‌నూ ఈ ఆర్గాన్-39నూ కలిపి కొలవొచ్చు. పది గింజలు విడివిడిగా చూస్తే, తొమ్మిది ఒక మాట చెప్పి ఒకటి ఎక్కడికో పోతే ఆ ఒక్కటే దారిలో కలిసిన పాత గింజ. ఇథియోపియాలో దొరికిన లూసీ అనే ఆదిమానవ అస్థిపంజరం పొరకు దగ్గర్లోని బూడిదకు 31.8 లక్షలు అని అంత కచ్చితంగా చెప్పగలగడం ఈ ఒంటి గింజ పద్ధతితోనే.

గులకరాయి
ఓమో సంగతి ఇంకా ఎవరూ ముట్టుకోలేదు. అక్కడ ఎముకల పైన రెండు మీటర్లకు పైగా మందంలో బూడిద ఉంది, కానీ పిండిలా మెత్తన. కొలవడానికి తగిన స్ఫటికాలే లేవు. 2022లో చేసిన పని నాకు ఎంతో ఇష్టం. బూడిద రసాయన కూర్పు చూసి అది వందల కిలోమీటర్ల దూరంలోని షాలా అగ్నిపర్వతం పేలుడుదని పట్టుకున్నారు. ఆ పర్వతం దగ్గరే పెద్ద స్ఫటికాలున్న నురుగురాయి తీసి కొలిచారు. 2,33,000, అటూ ఇటూ 22 వేలు. బూడిద పైనుంది కాబట్టి "కనీసం" అనే మాట పడింది. వార్తల్లో ఆ "కనీసం" రాలిపోతుంది, పుర్రె వయసే 2,33,000 అన్నట్టు రాసేస్తారు.

ఎముకలపెట్టె
అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇది: ఎముక మట్టిలోంచి బయటికి వస్తుండగా చూసినవాళ్లు ఎవరు?

జావాలో మొజోకెర్తో పిల్లవాడి పుర్రె 1936లో దొరికింది. 1994లో దానికి 18.1 లక్షల ఏళ్లన్నారు. ఆసియాలోకి మనిషి ఎప్పుడొచ్చాడన్న లెక్కే తారుమారైంది. కొలిచిన నురుగురాయి నిజంగానే అంత పాతది. కానీ ఆ రాయి తీసిన చోటు, పుర్రె దొరికిన చోటు ఒకటేనని రుజువు లేదు. 2003లో మళ్లీ వెతికి చూస్తే పుర్రె ఆ రాయికంటే పై పొరకు చెందింది, గరిష్ఠంగా 14.9 లక్షలు. దొరికిన రోజే ఒక మేకు పాతి, ఫొటో తీసి, పొర గీసి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు.

నర్మదా లోయలో హత్నోరా దగ్గర 1982లో అరుణ్ సోనాకియా కనుగొన్న పుర్రె పైభాగానికీ ఇదే చిక్కు. అది నది మోసుకొచ్చిన గులకరాళ్ల గట్టులో ఉంది. పక్కనున్న జంతువుల ఎముకలు కూడా అలా కొట్టుకొచ్చినవే కావచ్చు. అందుకే దాని వయసు మీద వాదం ఇప్పటికీ సాగుతోంది.

నీలిమ_బి
దక్షిణాఫ్రికాలో దొరికిన లిటిల్ ఫుట్ అస్థిపంజరం సంగతి చెప్పండి ఎవరైనా. 36.7 లక్షలని ఒకరు, 28 లక్షలు దాటదని ఇంకొకరు. ఇప్పటికీ తేలలేదా?

మట్టిపొర
తేలలేదు. అందరూ ఒప్పుకున్న దాంతో మొదలుపెడతాను. స్టెర్క్‌ఫోంటైన్ గుహల నుంచి ఎప్పుడో తెచ్చి పెట్టెల్లో పెట్టిన జంతువుల ఎముకల్లో 1994లో రాన్ క్లార్క్‌కు నాలుగు పాదపు ఎముకలు కనిపించాయి. 1997లో ఇంకొన్ని దొరికాయి. అందులో విరిగిన కాలి ఎముక ముక్క అచ్చు పోసి స్టీఫెన్ మొత్సుమి, ఎన్క్వానే మొలెఫేల చేతికిచ్చి, చీకటి గుహ గోడల్లో దీని మిగతా సగం వెతకమన్నారు. చేతి దీపాలతో రెండు రోజుల్లో పట్టేశారు. విరుగు అచ్చుకు అతికినట్టు సరిపోయింది. ఆ రాతిలోంచి అస్థిపంజరం మొత్తం విడదీయడానికి 20 ఏళ్లు పట్టింది. 90 శాతానికి పైగా ఉంది.

ఇక వయసు. అక్కడ అగ్నిపర్వత బూడిద లేదు. అస్థిపంజరం చుట్టూ సున్నపురాతి పలకలు కట్టుకున్నాయి. వాటికి యురేనియం-సీసం పద్ధతిలో 22 లక్షలు వచ్చింది. కానీ ఆ పలకలు ఎముకలతో పాటు ఏర్పడ్డవి కావు. గట్టిపడ్డ మట్టి కుంగి ఖాళీలు పడితే, తర్వాత నీళ్లు చేరి అందులో కట్టినవి. కాబట్టి అవి కనిష్ఠ వయసే చెబుతాయి. అందుకే ఆ పాత లెక్క పోయింది.

36.7 లక్షలు వచ్చింది ఇసుకలోని క్వార్ట్జ్ నుంచి. నేల పైన ఉన్నంతకాలం విశ్వ కిరణాలు తగిలి అందులో అల్యూమినియం-26, బెరీలియం-10 పుడతాయి. గుహలో పడ్డాక పుట్టడం ఆగి, తరిగిపోవడం మొదలవుతుంది. మొదటిది సుమారు 7 లక్షల ఏళ్లకు సగమవుతుంది, రెండోది సుమారు 14 లక్షలకు. రెంటి నిష్పత్తి చూస్తే ఎప్పుడు పూడిందో తెలుస్తుంది. నాకైతే ఇది బలమైన లెక్క.

రెండుకాళ్లనడక
ఇక్కడ నేను ఒప్పుకోను. ఆ క్వార్ట్జ్ నేల మీది నుంచి నేరుగా ఎముక పక్కన పడిందని ఎవరు చెప్పారు? గుహలోనే ఒక పై అరలో లక్షల ఏళ్లు పూడి ఉండి, తర్వాత కింది అరలోకి జారి ఉంటే? గడియారం పై అరలోనే నడవడం మొదలైపోయింది. లెక్క ఇసుక పూడిన వయసు చెబుతుంది, మనిషి పడిన వయసు కాదు. 28 లక్షలు దాటదన్నవాళ్ల వాదన ఇదే. ఫ్లోరెస్‌లో మీరు చెప్పిన నీతి ఇక్కడా పనిచేస్తుంది కదా మట్టిపొర గారూ.

మట్టిపొర
పనిచేస్తుంది, కాదనను. కానీ రెండు దశల్లో పడి ఉంటే, వేర్వేరు చోట్ల తీసిన నమూనాలు గ్రాఫులో ఒక గీత మీదికి, అంటే ఒకే వయసుకు, రాకూడదు. అవి చాలావరకు వచ్చాయి. అందుకే నేను ఇటువైపు ఉన్నాను.

రెండుకాళ్లనడక
ఇసుకంతా పై అరలోంచే ఒక్కసారిగా జారి ఉంటే ఒక గీత మీదికే వస్తాయి. ఇక్కడ మనిద్దరికీ కుదరదు, వదిలేద్దాం.

తవ్వకం_పలుగు
కార్బన్-14ను ఎవరూ పట్టించుకోలేదు. మనిషి పరిణామంలో దాని పని చివరి 50 వేల ఏళ్లకే. అయినా నియాండర్తల్ మనుషులు ఎప్పుడు అంతరించారన్నది దాని మీదే ఆధారపడింది. తప్పులు కూడా అక్కడే ఎక్కువ.

లెక్క వేసి చూడండి. అర్ధాయువు 5,730 ఏళ్లు. 40 వేల ఏళ్ల ఎముకలో మొదటి కార్బన్-14లో 0.8 శాతమే మిగులుతుంది. దానికి నేటి కార్బన్ 1 శాతం కలిసిందనుకోండి. కొలత 33 వేల ఏళ్లు చూపిస్తుంది. ఒక్క శాతం మలినం 7 వేల ఏళ్లు మింగేస్తుంది.

క్రొయేషియాలోని విందియా నియాండర్తల్ ఎముకలు 1999లో 28-29 వేల ఏళ్లు. 2006లో కొలాజెన్‌ను, అంటే ఎముకలోని ప్రోటీన్‌ను, ఇంకా సన్నగా వడకడితే 32-33 వేలు. 2017లో కొలాజెన్‌లోంచి హైడ్రాక్సీప్రోలిన్ అనే ఒక్క అమైనో ఆమ్లాన్నే విడదీసి కొలిస్తే 44 వేలకు పైనే. బెల్జియంలోని స్పై గుహ భుజం ఎముకలో ఆవు డీఎన్ఏ బయటపడింది. ఎందుకో తెలుసా? విరిగిన ఎముకను అతికించిన జిగురు పశువుల ఎముకల నుంచి తీసింది! ఆ జిగురు వల్లే పాత వయసు అంత తక్కువగా వచ్చింది. అసలు వయసు 40 వేలు దాటింది.

నీలిమ_బి
మరి జిగురు వాడకుండా ఎలా? ఎముక పొడిపొడి అయిపోతుందిగా.

తవ్వకం_పలుగు
వాడాలి, కానీ ముందు నమూనా తీసి పక్కన పెట్టాలి. ఫ్లోరెస్ ఎముకలు తడిసిన కాగితంలా ఉన్నాయి. తీసే ముందు ఆరబెట్టి గట్టిపరచక తప్పలేదు. ఇథియోపియాలో దొరికిన ఆర్డీ సంగతీ అంతే. 44 లక్షల ఏళ్ల అస్థిపంజరం, ముట్టుకుంటే రాలిపోయేది. మట్టితో సహా దిమ్మెలుగా తీసి, చుట్టూ ప్లాస్టర్ కట్టి, మ్యూజియంలో సూక్ష్మదర్శిని కింద సూదులతో విడదీశారు. 1994లో దొరికితే 2009లో గానీ పూర్తి వివరం అచ్చు కాలేదు. ఈ రోజుల్లో పారాలాయిడ్ బీ-72 అనే జిగురును అసిటోన్‌లో కలిపి వాడతారు, కావాలంటే మళ్లీ అసిటోన్‌తోనే కడిగేయొచ్చు. ఏం పూశారో, ఎక్కడ పూశారో రాసి పెట్టడం పూయడమంత ముఖ్యం.

లక్ష్మణ్_ఎం
పొరలూ బూడిదా ఏమీ లేకపోతే? ఎముక ఆకారం చూసి పాతదా కొత్తదా చెప్పలేరా?

గులకరాయి
చెప్పబోయి బోల్తా పడ్డారు. దక్షిణాఫ్రికాలో రైజింగ్ స్టార్ గుహలో 2013లో దొరికిన హోమో నలేడీ అనే పాత మానవ జాతి. 1,550కి పైగా ముక్కలు, కనీసం 15 మంది. మెదడు 465 నుంచి 610 ఘన సెంటీమీటర్లే. ఆకారం చూసి 20 లక్షల ఏళ్లు ఉంటుందని చాలామంది అనుకున్నారు. ఆ అరలో బూడిద లేదు, కాలం చెప్పే పందులూ లేవు. చివరికి మూడు పళ్లను కోసి కొలిచారు. ఎముకల మీద కట్టిన సున్నపు పలకను రెండు ప్రయోగశాలలకు పంపారు. ఒకరి జవాబు ఇంకొకరికి తెలియకుండా. 2017లో వచ్చిన జవాబు 2,36,000 నుంచి 3,35,000. జెబెల్ ఇర్హూద్ మనుషులకు దాదాపు సమకాలికులు!

సుధారాణి_కె
ఆకారం మీద కట్టిన ఊహకు రామాపిథెకస్ ఇంకా పెద్ద ఉదాహరణ. శివాలిక్ కొండల్లో 1932లో జి. ఎడ్వర్డ్ లూయిస్ తీసిన పై దవడ ముక్క. మధ్య భాగం లేదు. మిగతా దవడను మనిషి దవడలా విల్లు ఆకారంలో ఊహించుకున్నారు, మనిషి పూర్వీకుడన్నారు. తర్వాత నిండైన దవడలు దొరికితే అది విల్లు కాదు. 1982లో పాకిస్తాన్‌లోని పొత్వార్ పీఠభూమి నుంచి శివాపిథెకస్ (రామాపిథెకస్‌ను ఇప్పుడు ఇందులోనే కలిపారు) ముఖం ప్రకటించాక చూస్తే ఒరాంగుటాన్‌కు చుట్టం. ఇప్పుడు రామాపిథెకస్ అనే పేరే వాడుకలో లేదు.

ఎముకలపెట్టె
నిండుగా దొరికిన దాంట్లోనూ పరాయి ముక్క ఉండొచ్చు. లూసీ 1974లో దొరికింది. 2015లో చూస్తే వెన్నుపూస ముక్కల్లో ఒకటి గెలాడా కోతి జాతిది. నలభై ఏళ్లు లూసీతోనే ఉంది. మిగతా ఎముకలన్నీ లూసీవేనని కూడా ఆ పరిశీలనే మళ్లీ రుజువు చేసింది.

విశ్వం77
అయితే ఇంగ్లండ్‌లో నకిలీ ఎముకల్ని ఆదిమానవుడివని చూపిన పిల్ట్‌డౌన్ మోసాన్ని కూడా ఇలాంటి లెక్కలతోనే పట్టారా? 1912 నుంచి 1953 దాకా ఎలా నెట్టుకొచ్చింది?

మట్టిపొర
ఫ్లోరిన్‌తో. భూమిలో నీటి నుంచి ఎముక నెమ్మదిగా ఫ్లోరిన్ పీలుస్తుంది. అది ఏళ్లు చెప్పదు, రెండు ఎముకలు ఒకే చోట కలిసి ఉన్నాయా లేదా అన్నది చెబుతుంది. కెన్నెత్ ఓక్లీ 1949లో చేస్తే అంత పాతది కాదని తేలింది. 1953లో పెద్ద నమూనాతో మళ్లీ చేస్తే పుర్రె ఒక కాలానిది, దవడ ఇంకో కాలానిది. దవడ ఒరాంగుటాన్‌ది, పళ్లను ఆకురాయితో అరగదీశారు. సూక్ష్మదర్శినిలో అడ్డదిడ్డంగా గీతలు. నమలడం వల్ల వచ్చే అరుగుదల అలా ఉండదు. తేనెరంగు కూడా రసాయనంతో పూసిందే. అన్నేళ్లు నడవడానికి కారణం ఆ ఎముకల్ని బీరువాలో భద్రంగా పెట్టి అచ్చులు మాత్రమే చూడనివ్వడం. అచ్చులో గీతలు కనబడవు.

నీలిమ_బి
పొరకూ ఎముకకూ సంబంధం అనే గొడవే లేని చోటు ఏదైనా ఉందా?

బూడిదగుట్ట
ఉంది. టాంజానియాలో లేటోలి. 1978లో తవ్విన అడుగుల వరస, 27 మీటర్ల పొడవు. బూడిద పడింది, చినుకులకు తడిసింది, దాని మీద నడిచారు, గట్టిపడింది, పైన ఇంకో బూడిద కప్పేసింది. 36.6 లక్షల ఏళ్లు. అడుగు పడ్డ నేలనే కొలుస్తున్నాం కాబట్టి ఎక్కడినుంచో కొట్టుకొచ్చిందనే మాటే లేదు. మడమ లోతుగా దిగి, బొటనవేలు మిగతా వేళ్ల వరసలోకి వచ్చిన ముద్రలవి.

విశ్వం77
ఫ్లోరెస్ గుహ పటం మళ్లీ తీసి చూశాను, దిమ్మె పక్క కోత గీత ఇప్పుడు కనబడింది. ఇన్నాళ్లూ దాన్ని మామూలు గీత అనుకున్నాను. ఓమోకు ఒక ప్రశ్న మిగిలింది. 2,33,000 కనీసం అయితే, పాత 1,95,000 ఎక్కడి నుంచి వచ్చింది? ఆ కొలతే తప్పా?

గులకరాయి
కొలత తప్పని కాదు. అది ఇంకో బూడిదలోని నురుగురాయి ముద్దలది. ఆ బూడిద ఎముకలకు కింద ఉందనుకున్నారు. కానీ పైనున్న మందపాటి బూడిదే 2,33,000 అని తేలాక, దాని కింద 1,95,000 ఏళ్లది ఉండలేదు. కాబట్టి ఆ ముద్దలున్న బూడిద చోటు వరసలో ఎక్కడన్నది మళ్లీ చూడాలి. ఎముకలకు కింద, స్ఫటికాలున్న శుభ్రమైన బూడిద ఒకటి దొరికి కొలిస్తేనే రెండో హద్దు పడుతుంది.